దీనబంధు ఆండ్రూస్: కేంబ్రిడ్జి వేదాంత పాఠశాల నుండి కూలి లైన్ల దాకా

గిర్మిట్ ఎలా ముగిసిందని అడిగితే మన ఇళ్ళలోని పెద్దలు సాధారణంగా రెండు పేర్లు చెబుతారు. ఒకటి గాంధీగారిది, రెండవది ఆండ్రూస్ దొరగారిది. గాంధీగారి జీవితం మనవారికి బాగా తెలుసు. ఆండ్రూస్ మాత్రం గోడమీది పటంగా, గడ్డం పెంచుకొని ఖద్దరు ధరించిన తెల్లవానిగా మిగిలిపోయారు. ఆయన ఎక్కడి నుండి వచ్చారు, ఏమి చదివారు, ఆ చదువు ఆయనను చెరకు తోటలకు ఎలా చేర్చింది అన్న ప్రశ్నలు మనలో ఎక్కువమంది అడిగినవి కావు. చర్చి నాయకత్వానికి పట్టభద్రులను సిద్ధపరిచే వేదాంత విద్యాలయంలో బోధించిన ఒక ఆచార్యుడు మన తాతముత్తాతల లైన్లలోకి అడుగు పెట్టడం యాదృచ్ఛికం కాదని మేము భావిస్తున్నాము. అందుకే ఆయన కథను ఆ చదువు వైపు నుండి చెప్పదలచాము.

జననం, బాల్యం

చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండు ఉత్తర భాగంలోని న్యూకాసిల్ అపాన్ టైన్ నగరంలో జన్మించారు. తండ్రి జాన్ ఎడ్విన్ ఆండ్రూస్, తల్లి మేరీ షార్లెట్. పద్నాలుగురు సంతానంలో ఆయన ఒకరు. కొంతకాలానికి ఆ కుటుంబం బర్మింగ్‌హామ్‌కు తరలివెళ్ళింది. తండ్రి కాథలిక్ అపోస్తలిక్ చర్చి అనే చిన్న క్రైస్తవ శాఖలో సంఘాధిపతి. క్రీస్తు పునరాగమనం అతి సమీపంలో ఉన్నదని నమ్మి, ఆ నిరీక్షణతోనే దినదినం గడిపిన శాఖ అది. ఇంట్లో ప్రార్థన, సంగీతం, ఆరాధనా క్రమం ఎల్లవేళలా నిండి ఉండేవి. ఆరేళ్ళ వయస్సులో చార్లెస్‌కు కీళ్ళ జ్వరం సోకి ప్రాణాపాయం కలిగింది. ఆ రోజుల్లో తల్లి చేసిన సేవ ఆయన మనస్సులో చివరి వరకు నిలిచింది.

ఆ ఇంటి చరిత్రలో మరొక సంఘటన కూడా గమనింపదగినది. తల్లికి చెందిన ఆస్తిని చూసుకోవడానికి నియమితుడైన కుటుంబ మిత్రుడొకడు దానిని దుర్వినియోగం చేసి కాజేశాడు. కుటుంబం ఒక్కసారిగా పేదరికంలోకి జారింది. అయినప్పటికీ తండ్రి ఆ ద్రోహిని శపించక, ఇంటి ప్రార్థనలో అతని కోసం దేవుని వేడుకున్నాడు. శత్రువును ద్వేషించకుండా అన్యాయాన్ని ఎదిరించడం తరువాతి కాలంలో ఆండ్రూస్ నడవడికకు గుర్తుగా మారింది. దాని తొలిపాఠం ఆయనకు ఇంట్లోనే దొరికింది.

కేంబ్రిడ్జి చదువు

బర్మింగ్‌హామ్‌లోని కింగ్ ఎడ్వర్డ్స్ పాఠశాలలో విద్య ముగించి, 1890లో ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని పెంబ్రోక్ కళాశాలలో చేరారు. గ్రీకు, లాటిన్ సాహిత్యాలలోను, ఆ తరువాత వేదాంతశాస్త్రంలోను ఉత్తీర్ణులయ్యారు. అక్కడ పరిచయమైన స్నేహితులలో బేసిల్ వెస్ట్‌కాట్ ముఖ్యుడు. బేసిల్ తండ్రి బ్రూక్ ఫాస్ వెస్ట్‌కాట్ ఆనాటి ఆంగ్ల వేదాంతులలో అగ్రగణ్యుడు. హార్ట్ అనే పండితునితో కలిసి ఆయన పరిష్కరించిన గ్రీకు కొత్త నిబంధన 1881లో వెలువడింది. 1890లో ఆయన డరమ్ బిషప్పు అయ్యారు.

బిషప్పు వెస్ట్‌కాట్ పుస్తకాల మనిషి మాత్రమే అయి ఉంటే మన కథలో ఆయనకు చోటుండేది కాదు. దేవుడు మానవ శరీరం ధరించి భూమిమీద నడిచాడని ఒప్పుకొన్నవారికి ఆ శరీరాల ఆకలి, కూలి, ఇంటివసతి కూడా పవిత్రమైన విషయాలే కావాలని ఆయన బోధించారు. 1889లో ఏర్పడిన క్రిస్టియన్ సోషల్ యూనియన్‌కు అధ్యక్షత వహించారు. 1892లో డరమ్ బొగ్గుగనుల కార్మికుల సమ్మె నెలల తరబడి సాగినప్పుడు, గనుల యజమానులను, కార్మిక నాయకులను తన నివాసానికి పిలిపించి రాజీ కుదిర్చారు. విద్యార్థిగా ఉన్న ఆండ్రూస్ కళ్ళముందే ఇది జరిగింది. వేదాంతం తెలిసినవాడు కూలి తగాదాలో మధ్యవర్తిగా కూర్చోవచ్చునని, అది అతని పని కూడా అని ఆయన అప్పుడు గ్రహించి ఉండాలి. విశ్వవిద్యాలయం ఇచ్చే బర్నీ బహుమతి కోసం ఆయన ఎంచుకొన్న అంశం పెట్టుబడికి, శ్రమకు మధ్య గల సంఘర్షణలో క్రైస్తవ ధర్మం స్థానమేమిటన్నది. ఆ వ్యాసం బహుమతి పొంది 1896లో పుస్తకంగా వచ్చింది.

ఈలోగా ఆయన తండ్రి శాఖను విడిచి ఇంగ్లండు చర్చిలో చేరారు. తండ్రికి ఇది తీరని వేదన. తన తరువాత కుమారుడు ఆ వేదిక మీద నిలబడతాడని ఆశించిన వృద్ధునికి ఈ నిర్ణయం ఆశాభంగమే కలిగించింది. ప్రేమించినవారి మాటకన్నా మనస్సాక్షి మాటకు కట్టుబడడం ఆండ్రూస్ జీవితంలో ఇది మొదటిసారి. ఇదే చివరిసారి మాత్రం కాదు.

వాల్వర్త్ వీధులు, వెస్ట్‌కాట్ హౌస్

ఓడల నిర్మాణ కార్మికులు నివసించే సండర్లాండ్ ప్రాంతంలోని మంక్‌వేర్‌మౌత్‌లో కొంతకాలం పనిచేసిన పిమ్మట, 1896లో ఆయన డీకనుగాను, 1897లో గురువుగాను అభిషేకం పొందారు. దక్షిణ లండనులోని వాల్వర్త్ పేటలో పెంబ్రోక్ కళాశాల నడిపే సేవాకేంద్రం బాధ్యత ఆయనకు అప్పగించారు. ఇరుకు గదులు, తాగుడు, రోజుకూలి, రేపటి బియ్యానికి దిక్కులేని ఇళ్ళు అక్కడ ఆయనకు నిత్యం కనిపించేవి. పేదల మధ్య పేదవానిగా బ్రతకాలని నియమం పెట్టుకోవడంతో ఆరోగ్యం దెబ్బతిన్నది. 1899లో ఆ పని విడువవలసి వచ్చింది.

అప్పుడు కేంబ్రిడ్జి ఆయనను తిరిగి పిలిచింది. వెస్ట్‌కాట్ 1881లో స్థాపించిన క్లెర్జీ ట్రెయినింగ్ స్కూలుకు ఆయన ఉపాధ్యక్షులయ్యారు. పెంబ్రోక్ కళాశాల ఫెలోగా కూడా ఎన్నికయ్యారు. ఆ పాఠశాల జీసస్ లేన్‌లో ఉంది. వ్యవస్థాపకుని పేరు మీదుగా దానికి వెస్ట్‌కాట్ హౌస్ అనే పేరు వచ్చింది.

ఆ పాఠశాల స్వరూపాన్ని కొంత వివరించడం అవసరం. అంతకుముందు ఇంగ్లండులో విశ్వవిద్యాలయ పట్టా ఉంటే చాలు, గురుత్వానికి అర్హత ఉన్నదని భావించేవారు. గ్రీకు కవిత్వం చదివిన యువకుడు మరునాడే ఒక పేరిష్‌కు బాధ్యుడు కావచ్చు. మరణశయ్య మీద ఉన్నవాని దగ్గర ఏమి చెప్పాలో, కలహించే దంపతుల మధ్య ఎలా కూర్చోవాలో, ప్రసంగాన్ని గనికార్మికునికి అర్థమయ్యేలా ఎలా అల్లాలో అతనికి ఎవరూ నేర్పేవారు కారు. ఈ లోటు తీర్చడానికే పట్టభద్రులకు ప్రత్యేక శిక్షణ ఇచ్చే వేదాంత విద్యాలయాలు పందొమ్మిదవ శతాబ్దంలో వెలిశాయి. పట్టా పొందినవారు కొంతకాలం ఒకే కప్పు క్రింద ఉండి లేఖనాలను మూలభాషలో చదువుతూ, ప్రాచీన సంఘపితరుల గ్రంథాలను, విశ్వాసప్రమాణాల చరిత్రను పరిశీలిస్తూ, నియమంగా ప్రార్థన చేస్తూ, సంఘపరిచర్య నేర్చుకొనేవారు. చదువుకు, పూజకు, ప్రజలకు మధ్య తెంపులేని ముడి వేయడం ఆ శిక్షణ లక్ష్యం.

వాల్వర్త్ నుండి వచ్చిన ఆండ్రూస్ ఆ ముడిలోని మూడవ పోగును బాగా ఎరిగినవారు. నాలుగైదేళ్ళు అక్కడ బోధించి ఉంటే ఇంగ్లండులో ఉన్నత పదవులు వాటంతటవే వచ్చేవి. కానీ 1900లో ఢిల్లీలో మిషనరీగా ఉన్న మిత్రుడు బేసిల్ వెస్ట్‌కాట్ కలరాతో మరణించిన వార్త అందింది. ఆ ఖాళీని తాను నింపాలన్న సంకల్పం ఆయనలో బలపడింది.

ఆ సంవత్సరాలలో మనవారు

ఆండ్రూస్ జీసస్ లేన్‌లో పాఠాలు చెబుతున్న రోజులలో మనవారు ఏ స్థితిలో ఉన్నారో పక్కనే పెట్టి చూడాలి. 1860 నవంబరులో మద్రాసు నుండి ట్రూరో ఓడ డర్బన్ చేరినది మొదలు నేటాల్ తోటలకు మన జనం ప్రయాణం సాగుతూనే ఉంది. 1911లో అక్కడికి పంపడం ఆగే నాటికి వెళ్ళినవారు 1,50,000కు పైబడ్డారు. 1903లో మద్రాసు రేవు నుండి మొదటిసారిగా దక్షిణాది కూలీలు ఫిజీ చేరారు. తరువాతి పదమూడేళ్ళలో సుమారు 15,000 మంది తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ జనం ఆ ద్వీపాలకు వెళ్ళారు.

ఆ 1903లోనే నేటాల్‌లోని కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్తిస్టుల సంఘం ఏర్పడింది. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టులు తమ సొంత చందాలతో పంపిన జాన్ రంగయ్య గారు దానికి కాపరి అయ్యారు. తోటలలోని క్రైస్తవులకు తమ భాషలో వాక్యం చెప్పేవాడు కావలసి వచ్చినప్పుడు, వాడు కేంబ్రిడ్జి నుండి కాక నెల్లూరు నుండి వచ్చాడు. ఆండ్రూస్‌ను ఎంత గౌరవించినా ఈ వాస్తవాన్ని మనం మరువరాదు. దొరగారు రాకముందే మన లైన్లలో ప్రార్థన ఉంది, భజన ఉంది, రామాలయం ఉంది, అమ్మవారి జాతర ఉంది.

ఢిల్లీ: చదివినది కదలడం

1904 మార్చిలో ఆండ్రూస్ ఢిల్లీ చేరి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో బోధకులయ్యారు. అక్కడి ఉపాధ్యాయుడు సుశీల్ కుమార్ రుద్ర ఆయనకు ఆప్తమిత్రుడయ్యాడు. ప్రిన్సిపాలు పదవి ఖాళీ అయినప్పుడు, బెంగాలీ అయిన రుద్రను కాదని ఇంగ్లీషు వానిని నియమించాలన్న ఆలోచన వచ్చింది. ఆండ్రూస్ దానిని గట్టిగా ఎదిరించారు. 1906లో రుద్ర ఆ పదవిని స్వీకరించి 1923 వరకు నిర్వహించారు. తెల్ల మిషనరీలు భారతీయుని క్రింద పనిచేయడం ఆ రోజుల్లో అరుదైన సంగతి.

మరొక కలత ఆయనను లోలోపల దహించింది. ఇంగ్లండు చర్చి ఆరాధనలో కొన్ని దినాలలో అథనాసియన్ విశ్వాసప్రమాణం చదవాలి. త్రిత్వ విశ్వాసాన్ని యథాతథంగా పాటించనివారు నిత్యనాశనానికి గురవుతారనే అర్థమిచ్చే భాగం అందులో ఉంది. రోజూ కలిసి భుజించే హిందూ, ముస్లిం మిత్రులను గూర్చి ఆ మాట బలిపీఠం ఎదుట పలకడం ఆయనకు అసాధ్యమైంది. ఆ ప్రమాణాల చరిత్రను ఒకప్పుడు విద్యార్థులకు నేర్పినవాడు గనుక అజ్ఞానం సాకు ఆయనకు లేదు. ఏ శతాబ్దంలో, ఏ వివాదంలో ఆ వాక్యాలు పుట్టాయో ఆయనకు తెలుసు. చివరకు 1914లో ఆయన గురువుగా చేయవలసిన సంస్కారాలు నిర్వహించడం మానుకొన్నారు. క్రీస్తును మాత్రం విడిచిపెట్టలేదు. ఉద్యోగం, హోదా, సహచరుల ఆదరణ వదులుకొని ఆయన రవీంద్రనాథ్ ఠాగూరు శాంతినికేతన్ చేరారు. 1912లో లండనులో చిత్రకారుడు రోథెన్‌స్టైన్ ఇంట కవి యేట్స్ ఠాగూరు కవితలు చదవగా విన్న నాటి నుండి ఆ అనుబంధం సాగుతూ వచ్చింది.

డర్బన్ రేవు

1913లో దక్షిణాఫ్రికా భారతీయుల సత్యాగ్రహం తీవ్రమైంది. గిర్మిట్ ముగిసినవారిపై ఏటా మూడు పౌండ్ల పన్ను విధించే చట్టం నేటాల్‌లో 1895 నుండి ఉంది. దానికి తోడు 1913 మార్చిలో న్యాయమూర్తి సర్ల్ ఇచ్చిన తీర్పు, బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాల పద్ధతిలో జరిగిన వివాహాలకు గుర్తింపు లేదన్నది. హిందూ, ముస్లిం భార్యలు ఒక్క కలం పోటుతో భార్యలు కాకుండా పోయారు. తోటల కార్మికులు, గనికార్మికులు వేలాదిగా సమ్మెకు దిగారు. గోఖలే కోరికపై ఆండ్రూస్ తన మిత్రుడు విలియం పియర్సన్‌తో కలిసి బయలుదేరారు. అంతకుముందే తాను దాచుకొన్న సొమ్మును సత్యాగ్రహ నిధికి ఇచ్చివేశారు.

1914 జనవరి 2న డర్బన్ రేవులో దిగి, గాంధీ ఎవరని అడిగి, ఆయన పాదాలు తాకారు. ఇంగ్లీషువాడు, అందునా గురుపట్టం పొందినవాడు, భారతీయుని పాదాలు తాకడం అక్కడి తెల్లవారిలో దుమారం రేపింది. అటుపై గాంధీకి, జనరల్ స్మట్స్‌కు మధ్య ఆయన రాయబారిగా తిరిగారు. ఒకరిని గూర్చి మరొకరికి నమ్మకం కలిగించడం ఆయన పని. ఆ ఒప్పందం కుదురుతున్న రోజులలోనే ఇంగ్లండులో తల్లి మరణించింది. ఆ సంవత్సరం వచ్చిన భారతీయుల ఉపశమన చట్టం మూడు పౌండ్ల పన్నును రద్దుచేసి, మన వివాహాలకు గుర్తింపునిచ్చింది.

నేటాల్‌లో ఉన్నప్పుడు కొరడా గాయాలతో పారిపోయి వచ్చిన ఒక కూలీని ఆయన చూశారు. భయంతో ముడుచుకొన్న ఆ మనిషి రూపం ఆయనను వదలలేదు. 1915లో కలరా సోకి కోలుకొంటున్న దినాలలో అదే రూపం మళ్ళీ మళ్ళీ మనసులో మెదిలింది. నేటాల్‌కు పంపడం ఆగింది, మరి ఫిజీ సంగతేమిటన్న ప్రశ్న ఆయనను పడకమీద నుండి లేపింది.

ఫిజీ

1915 చివరలో ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ చేరారు. ప్రభుత్వ ప్రతినిధులుగా గాక స్వతంత్రంగా విచారణ జరిపారు. తోట తోటకు తిరిగారు, కూలీలతోను, యజమానులతోను, అధికారులతోను, ఆసుపత్రులలోని రోగులతోను మాట్లాడారు. అయిదేళ్ళ ఒడంబడిక క్రింద పురుషునికి దినానికి ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి అని కాగితం మీద ఉంది. కాని పని కొలతలుగా పంచి, కొలత పూర్తికాకపోతే కూలి కోసేవారు. పనికి రాకపోవడం, చెప్పినది చేయకపోవడం నేరాలు. వాటికి జరిమానా, జైలు ఉండేవి. నూరుమంది పురుషులకు నలభైమంది స్త్రీలను పంపాలన్న నియమం ఉన్నందున కుటుంబ జీవనం విచ్ఛిన్నమైంది. ఆత్మహత్యలు భయంకరమైన సంఖ్యలో జరిగేవి.

వారి నివేదిక 1916లో వెలువడింది. ఇంతకుముందే ఫిజీలోని మెథడిస్టు మిషనరీ జె. డబ్ల్యు. బర్టన్ 1910లో తన పుస్తకంలో లైన్ల దుస్థితిని రాశాడు. స్వయంగా గిర్మిటియా అయిన తోతారామ్ సనాఢ్య తన ఇరవై ఒక్క ఏళ్ళ అనుభవాలను హిందీలో 1914లో ప్రచురించాడు. ఆండ్రూస్ ఈ సాక్ష్యాలకు తన పేరు ప్రతిష్ఠలను, అధికారుల గదులలో తనకున్న ప్రవేశాన్ని జోడించారు. 1916 మార్చి 20న మదన్ మోహన్ మాలవీయ శాసనమండలిలో ప్రవేశపెట్టిన తీర్మానానికి వైస్రాయి హార్డింజ్ సమ్మతి తెలిపాడు. అయితే కొత్త ఏర్పాటు కుదిరే వరకు మరికొన్నేళ్ళు పాత పద్ధతి సాగించాలనే ఆలోచన తెరవెనుక నడుస్తున్నదని తెలియగానే ఆండ్రూస్ దేశమంతటా నిరసన లేవదీశారు. 1917 మార్చిలో కూలీల ఎగుమతి ఆగింది. ఆ ఏడే ఆయన ఒంటరిగా మరల ఫిజీ వెళ్ళారు. ఆస్ట్రేలియాలో తిరిగి ఉపన్యసించగా అక్కడి స్త్రీల సంఘాలు మేలుకొని, 1918లో ఫ్లోరెన్స్ గార్నమ్‌ను విచారణకు పంపాయి. ఫిజీలో మిగిలి ఉన్న గిర్మిట్లన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి. అక్కడికి వచ్చిన 60,000 మందికి పైబడిన జనం స్వేచ్ఛ పొందిన నాటి కథ అది. ప్రజలు ఆయనను దీనబంధు అని పిలుచుకొన్నారు.

మన స్త్రీల పేరు

ఇక్కడ ఆగి మాట్లాడవలసిన విషయం ఒకటి ఉంది. ఆండ్రూస్ రచనలు గిర్మిట్‌ను కూల్చడానికి అన్నిటికన్నా పదునుగా వాడిన ఆయుధం లైన్లలోని నీతిభ్రష్టత. స్త్రీల పవిత్రత మంటగలిసిందన్న మాట భారతదేశంలో నిప్పులా అంటుకొంది. కూలి కోత, జైలు శిక్ష, కొరడా దెబ్బ కదిలించని గుండెలను అది కదిలించింది. కానీ ఆ వాదన మూల్యం చెల్లించినవారు మన ముత్తవ్వలు. లైన్లలో బ్రతికిన స్త్రీ అంటే చెడిన స్త్రీ అన్న ముద్ర వారిమీద పడి, తరతరాలు చెరగకుండా ఉండిపోయింది. ఎన్నో ఇళ్ళలో ముత్తవ్వ పేరు, ఊరు, ఆమె ఓడ ఎక్కిన కారణం చెప్పుకోకపోవడానికి ఆ సిగ్గు ఒక కారణం.

ఆండ్రూస్ దురుద్దేశంతో అలా రాయలేదు. తప్పు వ్యవస్థదని ఆయన స్పష్టంగా చెప్పారు. అయినా ఆయన చదువు, ఆయన సంస్కారం స్త్రీని కాపాడవలసిన పవిత్ర వస్తువుగా చూడడం నేర్పాయి. పొలంలో కొలత పని ముగించి, బిడ్డను చంకనెత్తుకొని, ఇద్దరి కూలిని కూడబెట్టి నేల కొన్న మనిషిగా చూడడం నేర్పలేదు. నౌసోరి దగ్గర తోటలో ఓవర్‌సీయరు దాడి నుండి తప్పించుకోవడానికి నదిలో దూకి ప్రాణం, మానం దక్కించుకొన్న కుంతి కథ మనకు తెలిసినదే. ఆమె ఎవరి కరుణ కోసమూ ఆగలేదు. ఆండ్రూస్‌కు మన కృతజ్ఞత నిజమైనదైతే, ఈ కొరతను కూడా నిజాయితీగా రాసుకోవాలి. ముత్తవ్వల పేర్లను ఓడ పట్టికల నుండి వెదికి ఇంటి వంశావళిలో చేర్చడం ఆ రుణం తీర్చే మార్గాలలో ఒకటి.

తిరిగి వేదాంత పీఠం ఎదుట

1920 తరువాత ఆండ్రూస్ తూర్పు ఆఫ్రికా, మలయా, బ్రిటిష్ గయానా మొదలైన దేశాలలో భారతీయుల నడుమ తిరిగారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. 1932లో క్రీస్తుకు తాను పడిన రుణాన్ని వివరిస్తూ ఆత్మకథ వంటి గ్రంథం రాశారు. 1936లో చివరిసారిగా ఫిజీ దర్శించారు. తాను ఎరిగిన లైన్ల స్థానంలో చెరకు కౌలుదారుల ఇళ్ళు, బడులు, సంఘాలు అప్పటికి ఏర్పడి ఉన్నాయి.

ఆ దశాబ్దపు ఉత్తరార్ధంలో కేంబ్రిడ్జి ఆయనను సంఘపరిచర్య శాస్త్రం మీద ఉపన్యాసాలు ఇమ్మని పిలిచింది. గురువులు కాబోయే పట్టభద్రుల ముందు, మూడు దశాబ్దాల క్రితం తాను బోధించిన నగరంలో, ఆయన మళ్ళీ నిలబడ్డారు. అప్పటికి ఆయన వయస్సు అరవై దాటింది. ఆ పాఠాలు మంచి కాపరి అనే శీర్షికతో 1940లో పుస్తకంగా వచ్చాయి. ఆయన తిరిగి గురువుగా ఆరాధనలు నిర్వహించడం కూడా ఆ చివరి ఏళ్ళలోనే. తెగిపోయిందనుకొన్న బంధాన్ని ఇరుపక్కలవారూ మరల ముడివేసుకొన్నారు. ఆయనలో వచ్చిన మార్పుతోపాటు, విద్యాలయంలో వచ్చిన మార్పును కూడా ఇక్కడ గుర్తించాలి. అతడు ప్రశ్నించి వెళ్ళిన గది అతని మాట వినడానికి సిద్ధపడింది.

1940 ఏప్రిల్ 5న కలకత్తాలో ఆయన కన్నుమూశారు. లోయర్ సర్క్యులర్ రోడ్డు క్రైస్తవ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. అప్పుడు కలకత్తా మెట్రోపాలిటన్ బిషప్పుగా ఉన్నది తన గురువు వెస్ట్‌కాట్ కుమారుడు, ఢిల్లీలో మరణించిన మిత్రుడు బేసిల్ సోదరుడు ఫాస్ వెస్ట్‌కాట్.

మనకు మిగిలినది

వెస్ట్‌కాట్ హౌస్ నేటికీ జీసస్ లేన్‌లో నడుస్తున్నది. ఇతర శాఖల వేదాంత విద్యాలయాలతో కలిసి అది కేంబ్రిడ్జి వేదాంత సమాఖ్యలో భాగంగా ఉంది. మన సంతతి సంఘాల నుండి బ్రిటనుకు ఉన్నత వేదాంత విద్య కోసం వెళ్ళే యువతీయువకులున్నారు. వారు తిరిగి వచ్చి సంఘాలకు నాయకులవుతారు. గ్రీకు నేర్చుకొంటారు, పరిశోధన గ్రంథాలు రాస్తారు. ఇది మనకు గర్వకారణం.

అయితే ఆ చదువు విలువను కొలిచే కొలబద్దను ఆండ్రూస్ జీవితం మన చేతికి ఇచ్చిందని మేము తలుస్తున్నాము. గ్రంథాలయంలో నేర్చిన సిద్ధాంతం కూలివాని వీపుమీది గాయాన్ని చూసినప్పుడు ఏమవుతుందన్నదే ఆ కొలత. కొందరిలో ఆ సిద్ధాంతం గాయాన్ని కప్పిపుచ్చే వస్త్రమైంది. తోటల యజమానుల పక్కన కూర్చొని ప్రార్థించిన గురువులు కూడా చదువుకొన్నవారే. ఆండ్రూస్‌లో ఆ గాయం సిద్ధాంతాన్నే తిరగరాసింది. అయినా ఆయన చూపు చేరని చోటు ఒకటి మిగిలింది. లైన్లలోని స్త్రీని ఆమె మాటలోనే వినే వేదాంతాన్ని ఆయన రాయలేకపోయారు. ఆ పాఠం రాయవలసినది ఆ ముత్తవ్వల మునిమనుమలు, మునిమనుమరాళ్ళు. వారిలో కొందరు ఈనాడు ఆయన నడిచిన వరండాలలోనే చదువుకొంటూ ఉండవచ్చు. ఇంటికి వచ్చినప్పుడు తమ ఇంటి ముత్తవ్వ ఏ ఊరినుండి, ఏ ఓడమీద వచ్చిందో వారు పెద్దలను అడిగి రాసుకోవాలని, ఆ కాగితాన్ని తిరుగు ప్రయాణంలో తమ పుస్తకాలతోపాటు తీసుకొని వెళ్ళాలని మా కోరిక.